ముందొకటి, వెనకొకటి

తన మీద కాపలాకి పెట్టే కెమెరాలను తనే బండి తోలుకెళ్లి బిగించుకు రావలసి వచ్చినందుకు నవ్వాలో, ఒళ్లు మండించుకోవాలో సోములుకి తెలియలేదు. నరసన్నపేట హైవే పక్కన మేనల్లుడు గోవింద్ షెడ్డు ముందు ఆ ఏడు సీట్ల పెద్ద బండిని నీడకి చేర్చి, దిగి, తలుపు మామూలుకంటే గట్టిగా వేశాడు.

“ఏటి మావా, బండి మీద కోపమా?” అన్నాడు గోవింద్, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

“బండేటి సేసిందిరా! ముందు సీట్లో అట్టపెట్టి ఉన్నాది, తీసుకో. ముందొకటి, ఎనకొకటి బిగించమన్నారు షావుకారు. ఇంజను ఆపినా కెమెరాలు ఆగకూడదంట.”

“ఏం, దొంగలు పడ్డారేటి?”

“నానే దొంగని.”

గోవింద్ నవ్వాడు. సోములు నవ్వకపోయేసరికి ఆపేశాడు.

సంగతి ఇది. షావుకారు చంద్రమౌళికి ఊళ్లో బియ్యం హోల్‌సేలు వ్యాపారం. సోములు ఆయన దగ్గర డ్రైవరు. కొన్నాళ్లుగా సాయంత్రం బండి తియ్యబోయేసరికి బాటరీ దిగిపోయి ఉంటోంది. తాళం తిప్పితే ఇంజను మూలుగుతుంది తప్ప అంటుకోదు. గోడౌన్ హమాలీలు వచ్చి తోస్తే గాని కదలదు. అంత ఖరీదు బండిని బజారంతా చూస్తుండగా తోయించడం షావుకారుకి తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక సోములు బండిలో ఏసీ వేసుకుని నిద్రపోతున్నాడని తీర్మానించేశాడు. అడగలేదు, తీర్మానించాడు. బస్తా బియ్యం కొనడానికి పిడికెడు గింజలు తీసి, నలిపి, వాసన చూసి, నోట్లో వేసుకుని కొరికే మనిషి, సోములు విషయంలో మాత్రం గింజ కూడా పట్టి చూడలేదు.

గోవింద్ ముందు బానెట్టెత్తి బాటరీకి మీటరు పెట్టి చూశాడు. “బాటరీ నిక్షేపంలా ఉన్నాది మావా. ఎవులో ఇంజను ఎయ్యకండా ఉత్తినే తాళం తిప్పి ఫేను ఎట్టుకుంటన్నారు. అలాగైతే సల్లదనం రాదు, ఉత్త గాలే వస్తాది. బాటరీ మాత్రం తాగీస్తాది. బండి తెలిసినోడు ఆ పని సెయ్యడు.”

“ఆ మాట షావుకారుతో అనగలవేటి?”

“అంటాను. నువ్వు నా మావవి. నానంటే ఆయన నమ్ముతాడా?”

అదీ నిజమే.

గోవింద్ పనిలో పడ్డాడు. ప్లాస్టిక్ బద్దతో ముందు అద్దం పక్కనున్న తొడుగును మెల్లిగా ఊడదీశాడు. అద్దాన్ని స్పిరిట్‌తో తుడిచి, లోపల వెనక్కి చూసుకునే అద్దం చాటున కెమెరా అంటించి బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. దాని తీగ పైకప్పు గుడ్డ అంచులోకి దూరి మాయమైంది. తొడుగు లోపల మడత పెట్టి ఉన్న ఎయిర్‌బ్యాగుకి అడ్డం రాకుండా దాన్ని వెనకనుంచి దింపి, తలుపు రబ్బరు కిందుగా స్టీరింగు దగ్గరున్న ఫ్యూజుల పెట్టె దాకా తెచ్చాడు. తర్వాత నేలమీద వెల్లకిలా పడుకుని, తల బండిలోకి పెట్టి, టెస్టు లైటు ఒక్కొక్క ఫ్యూజుకీ ఆనించి చూస్తూ మాట్లాడాడు.

“ఎర్ర తీగ ఎప్పుడూ కరెంటుండే దానికి. పసుపు తీగ తాళం తిప్పితేనే కరెంటొచ్చే దానికి. నల్లది బాడీ బోల్టుకి. ఎర్రది ఉండబట్టి బండి ఆపినా కాపలా కాస్తాది. పసుపుది ఉండబట్టి ఎవులైనా తాళం తిప్పితే దానికి తెలిసిపోతాది. ఇంక అక్కడినించి అంతా రికార్డే.”

“మాటలు కూడా పడతాయేటి?” అన్నాడు సోములు.

“గుసగుసలాడినా పడతాయి. బొమ్మ మాత్రం బయటిదే. ముందు రోడ్డు, ఎనక రోడ్డు. లోపల ఎవులు కూకున్నారో కనపడదు. గొంతు ఇనపడతాది, అంతే.”

సోములు చేతిలోని వైరు చుట్ట జారింది. వంగి తీసుకున్నాడు. లోపల ఉన్నది ఎవరో గొంతును బట్టి తెలిసిపోతుంది. ఇంక బొమ్మెందుకు?

వెనక తలుపుకీ బండికీ మధ్య రబ్బరు గొట్టంలోంచి తీగ దాటించడానికి ఇద్దరు కావాలి. గోవింద్ సబ్బునీళ్లు రాసి ఇటునుంచి తోస్తుంటే, సోములు అటునుంచి కొన పట్టుకుని లాగాడు.

“ఆ గొంతు పడకుండా ఆపీలేవేటిరా?”

“ఆపొచ్చు. కానీ షావుకారి ఫోన్లో మైకు బొమ్మ మీద ఎర్రగీత కనపడతాది. రేపే అడుగుతాడు ఎందుకాపించావని.” గోవింద్ తోయడం ఆపి మేనమామ మొహంలోకి చూశాడు. “నిజం సెప్పు మావా. నువ్వు పడుకుంటన్నావా?”

“థూ ఎదవా! నీక్కూడా అలాగే కనపడతన్నానేటి?”

గోవింద్ మళ్లీ అడగలేదు. వెనక అద్దం మీద మంచు పట్టకుండా ఉండే సన్నటి వేడితీగల మధ్య చోటు చూసి రెండో కెమెరా అంటించాడు. ఊడదీసిన తొడుగులన్నీ అరచేత్తో కొట్టి బిగించాక చూస్తే ఎక్కడా ఒక్క తీగ కనపడలేదు. పని అంత నున్నగా కుదిరినందుకు సోములుకి గుండెల్లో భయం వేసింది.

బండిలో ఎవరు కూర్చుంటున్నారో అతనికి తెలుసు. ఒకరోజు మధ్యాహ్నం సీటు కింద మరిచిపోయిన టిఫిను కేరియరు కోసం షావుకారి ఇంటి కారు షెడ్డుకి వెళ్లాడు. అద్దాలన్నీ బిగించిన బండిలో, నడిమి సీట్లో, షావుకారి కోడలు యమున కూర్చుని ఉంది. చెవిదగ్గర ఫోను. మెడనరాలు పొంగేలా అరుస్తోంది. “బాగానే ఉన్నానమ్మా! తిన్నాను! తిన్నానూ!” అరుస్తూనే రెండో చేత్తో చీరకొంగు కళ్లకి అదుముకుంటోంది. పెరటి గుమ్మం పక్క మేకుకి వేలాడే రెండో తాళం బండికి పెట్టి ఉంది.

సోములు వెనక్కి తిరిగి వచ్చేశాడు. ఆ పూట అన్నం తినలేదు.

ఆమె కన్నతల్లిది ఆమదాలవలస. ఒకసారి పండ్లబుట్ట ఇచ్చి రమ్మంటే సోములే వెళ్లాడు. ఆవిడకి చెవుడు. గ్లాసుడు మంచినీళ్లు అడగడానికి అతను వీధంతా వినపడేలా కేకపెట్టాల్సి వచ్చింది. షావుకారి ఇల్లు చూస్తే, ముందు గోడౌను, వెనక కాపురం, మధ్యలో కారు షెడ్డు. వంటింట్లో గరిటె పడితే గల్లాపెట్టె దగ్గర వినిపిస్తుంది. అత్తగారు సుభద్రమ్మ చెడ్డ మనిషేం కాదు గాని, ఒక మాట వింటే దాన్ని పదిమందితో అనుకుంటే గాని నిద్రపట్టదు. మొగుడు రమేష్‌బాబు శ్రీకాకుళం షాపు చూసుకుని చీకటి పడ్డాక వస్తాడు. అలాంటి ఇంట్లో ఓ ఆడపిల్ల తల్లితో అరిచి మాట్లాడాలంటే ఎక్కడ మాట్లాడుతుంది? అద్దాలు బిగించిన ఆ బండి తప్ప ఇంకో చోటు లేదు.

సాయంత్రం షావుకారు వరండాలో పడకకుర్చీ వేసుకుని ఫోనుకి కెమెరా కలుపుకున్నాడు. సోముల్ని బండిలో కూర్చోబెట్టి, తాళం తిప్పించి, “ఏదో మాటాడు” అన్నాడు.

“ఏటి మాటాడమంటారు బాబూ?”

ఆ మాటే ఫోనులోంచి సోములు గొంతుతో తిరిగి వినిపించింది. షావుకారు చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు. “గురక కూడా ఇనపడతాది గావాల” అన్నాడు, చుట్టూ ఉన్న హమాలీల వైపు చూసి. వాళ్లు నవ్వారు. నవ్వకపోతే బాగుండదని సోములు కూడా నవ్వాడు.

మర్నాడు ఉదయం అతనికి పెద్ద చిక్కే వచ్చిపడింది. యమునకి చెప్పాలి. ఎలా చెప్పాలి? ఆ ఇంటి కోడలు మావగారి ఎదటే నిలబడి మాట్లాడదు. ఆయనకి వడ్డించాలన్నా గిన్నె అత్తగారి చేతికి అందించి తలుపు వెనక్కి తప్పుకుంటుంది. అలాంటిది డ్రైవరు వెళ్లి, అమ్మా, నువ్వు ఏడవడం నేను చూశాను, ఇంక అక్కడ ఏడవకు అని ఏ నోటితో అంటాడు?

పెరట్లో పనిమనిషి లక్ష్మణమ్మ కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. యమున తీగమీద తడిబట్టలు ఆరేస్తోంది. సోములు బకెట్టు పట్టుకుని నీళ్లకొచ్చినట్టు వచ్చి, మామూలుకంటే గొంతు పెంచాడు.

“ఇదిగో లచ్చుమమ్మా, బండి దగ్గరికి ఎల్లకు. ఎల్లినా లోపల కూకోకు.”

“నాకేటి పని నీ బండితో?” అంది లక్ష్మణమ్మ, తలెత్తకుండా.

“సెప్తన్నాను ఇను. నిన్న కెమెరాలెట్టించారు బాబు. తాళం తిప్పితే సాలు, లోపల ఏటన్నా పడిపోతాది. తలుపులేసుకున్నా సరే, అద్దాలెత్తుకున్నా సరే. సాయంత్రం బాబు ఫోన్లో అన్నీ ఇంటారు.”

“వయసుడిగినాక పిచ్చెక్కిందేటి నీకు? నాను బండిలో కూకుని ఎవులితోటి మాటాడాలి? నీతోటా?” అని పకపకా నవ్వింది లక్ష్మణమ్మ.

తీగ దగ్గర యమున చేతిలో తువ్వాలు ఆగిపోయింది. రెండు క్లిప్పులు ఆమె పళ్ల మధ్య ఉన్నాయి. సోములు అటు చూడలేదు. బకెట్టు నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఏదో దొంగతనం చేసి బయటపడ్డట్టుంది.

ఆరోజు మధ్యాహ్నం రెండో తాళం మేకుకే ఉంది. సాయంత్రం తాళం తిప్పగానే బండి అంటుకుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రోజూ ఆ ఇంజను చప్పుడు విన్నప్పుడల్లా సోములుకి ప్రాణం కుదుటపడేది. ఆడపిల్ల బయటపడలేదు, తన మీద మాటా రాలేదు. అంతకంటే ఏం కావాలి అనుకున్నాడు. ఎంత తెలివితక్కువగా అనుకున్నాడో తెలియడానికి ఎన్నాళ్లో పట్టలేదు.

వారం దాటకుండానే ఓ సాయంత్రం షావుకారు అతన్ని వరండాలోకి పిలిచాడు. బియ్యం లోడు దించి హమాలీలు గట్టుమీద కూర్చుని టీ తాగుతున్నారు.

“ఏటి సోములూ, బాటరీకి రోగం కుదిరిపోయినట్టుందే?”

“అవును బాబూ. బాగానే ఉన్నాది.”

“మందు ఎవులేశారు?”

సోములుకి అర్థం కాలేదు.

“కొత్త బాటరీ ఎయ్యనేదు. మెకానిక్కుకి సూపించనేదు. కెమెరా ఎట్టాను, రోగం పోయింది. అంటే రోగం ఎక్కడున్నాది? బాటరీకా, మనిషికా?” షావుకారు ఫోను ఎత్తి ఊపాడు. “మద్దాన్నం పూట ఒక్క రికార్డు నేదు ఇందులో. పడితే దొరికిపోతానని నీకు తెలుసు గనక మానేసావు. దొరికుంటే తిట్టి ఒగ్గేద్దును. ఇంత తెలివున్నోడితో నాకు పని నేదు. నెలాఖరుకి ఇంకో పని సూసుకో.”

హమాలీల్లో ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. సోములు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో ఉన్నది ఒక్కటే మాట, యమున పేరు. దాన్ని మింగేశాడు. “అలాగే బాబూ” అని మాత్రం అన్నాడు. ఆ రెండు ముక్కలతో నేరం ఒప్పుకున్నట్టే అయిందని అతనికి గేటు దాటాక గాని తట్టలేదు. షావుకారికి రుజువు తనే తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లని ఆపి తనని తానే పట్టి ఇచ్చుకున్నాడు.

పెళ్లాం ఈశ్వరి సంగతంతా విని తల బాదుకుంది.

“ఉన్నమాట సెప్పీడానికేటి నీకు? నాను కాదు, మీ కోడలని అనలేకపోయావా?”

“అంటే?”

“అంటే నీ పని నిలబడతాది.”

“మరి ఆ కోడలుగుంటకి?”

“ఆయమ్మకి మేడుంది, మొగుడున్నాడు. నీకేటున్నాది? అబద్ధమాడిన డ్రైవరని పేటంతా తెలిస్తే ఎవులు తాళమిస్తారు నీ సేతికి?”

అదే అతని భయం కూడా. ఈ ఊళ్లో డ్రైవరుకి బండి నడపడం వచ్చా రాదా అని ఎవరూ అడగరు, నమ్మకస్తుడా అని అడుగుతారు. ఆ ఒక్కటీ పోతే లారీల మీద క్లీనరుగా కూడా పెట్టుకోరు. అయినా అతను గోడకి చేరబడి, “ఆడకూతురు ఏడుపు నా నోటితో ఎలా సెప్పనే” అన్నాడు. ఈశ్వరి విసురుగా లేచి కంచం తెచ్చి ముందు పెట్టింది. కొసరి వడ్డించింది కూడా. తిట్లు మాత్రం ఆపలేదు.

నెలాఖరు దాకా ఆ గుమ్మంలో తలెత్తుకుని తిరగడం తనవల్ల కాదని సోములు ఒకటి రెండు రోజుల్లోనే తేల్చుకున్నాడు. ఆ సాయంత్రం బండిని శుభ్రంగా కడిగి, చాపలు దులిపి ఆరేసి, అద్దాలు తుడిచి, తాళం తిరిగి ఇచ్చేద్దామని వరండా మెట్ల దగ్గరికి వచ్చాడు.

షావుకారు పడకకుర్చీలో వెనక్కి వాలకుండా, ముందుకి వంగి కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోను. గుమ్మంలో సుభద్రమ్మ నిలబడి ఉంది. గట్టుమీద హమాలీలు ఎప్పటిలాగే టీ తాగుతున్నారు.

“బాబూ, తాళం” అన్నాడు సోములు.

“ఉండు” అన్నాడు షావుకారు. “ఈయాల మద్దాన్నం బండి తాళం ఎవులో తిప్పారు. ఇను. ఇప్పుడేటంటావో ఇంటాను.”

తానింకా వినకుండానే, సోముల్ని పట్టేశానన్న ధీమాతో, అందరికీ వినపడాలని సౌండు పూర్తిగా పెంచి, నొక్కాడు. ముందుగా ఫేను తిరిగే చప్పుడు. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు.

“మావయ్యగారూ, నేను యమునని.”

షావుకారు గుమ్మం వైపు చూశాడు.

“మీ ఎదురుగా నిలబడి మాట్లాడే అలవాటు ఈ ఇంట్లో లేదు. అందుకని ఇక్కడ చెబుతున్నాను. సాయంత్రం మీరు వింటారు కదా. మధ్యాహ్నాలు బండిలో కూర్చున్నది నేను. ఫేను వేసుకుంటే బాటరీ దిగిపోతుందని నాకు తెలీదు. మా అమ్మకి చెవులు వినపడవు, ఫోన్లో అరవాలి. బాగున్నానని చెప్పాలన్నా అరవాలి. ఇంట్లో అంత అరిస్తే ఏం బాగోలేదని అరుస్తున్నావని అడుగుతారు. అందుకని ఇక్కడికి వచ్చేదాన్ని. సోములుకి ఈ సంగతి తెలుసు. మీకు చెప్పలేదు. మీరు అన్ని మాటలన్నా చెప్పలేదు. అతన్ని తీసెయ్యకండి.”

మాట అయిపోయింది. ఫేను చప్పుడు మాత్రం సాగుతోంది. షావుకారు ఆపుదామని వేలు పెట్టాడు. కంగారులో అది పడవలసిన చోట పడలేదు. రికార్డులోనే ఫోను మోగుతున్న శబ్దం, తర్వాత ఒక్కసారిగా, వరండా అదిరేలా యమున గొంతు.

“అమ్మా! నేనే! బాగానే ఉన్నాను! తిన్నాను! అమ్మా, ఇంక మధ్యాహ్నం ఫోన్ చెయ్యను! చెయ్యనూ! ఏం లేదు! పని! పనుంటుందీ! లేదమ్మా, ఎవరూ ఏమీ అనలేదు! ఏడవట్లేదు! జలుబు! జలుబమ్మా!”

వేలు ఎలాగో సరైన చోట పడి అది ఆగింది. హమాలీలు గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఇన్నాళ్లూ ఆ పిల్ల నలుగురి చెవిన పడకూడదని అద్దాలు బిగించుకుని దాచుకున్న గొంతును షావుకారే తన చేత్తో నలుగురికీ వినిపించాడు. సోములుకి కళ్లు చెమ్మగిల్లాయి. తలవంచుకున్నాడు.

“నీకు ముందే తెలుసా?” అన్నాడు షావుకారు.

“తెలుసు బాబూ.”

“మరి సెప్పనేదేం?”

“ఏటని సెప్పమంటారు?”

షావుకారు లేచాడు. ఒక అడుగు సోములు వైపు వేసి, ఏదో అనబోయి, గట్టుమీద మనుషుల్ని చూసి ఆగిపోయాడు. తప్పయిందని అనడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఇంట్లోకి నడిచి పెరటి గుమ్మం దాకా వెళ్లి, మేకుకున్న రెండో తాళం తీసి, తిరిగొచ్చి అందరి ముందూ దాన్ని లాల్చీ జేబులో వేసుకున్నాడు.

“నీ సేతిలో తాళం నీ దగ్గరే ఉంచు” అన్నాడు సోములుతో. “రేపు పొద్దున్నే పాలకొండ ఎల్లాలి. పెందలాడే రా.”

పని నిలబడింది. ఈశ్వరికి చెబితే సంతోషిస్తుంది. ఆరేసిన చాపలు తీసుకుందామని అతను పెరట్లోకి వెళ్లాడు. యమున తీగమీది బట్టలు తీసి బుట్టలో వేసుకుంటోంది. వరండాలో మోగిన తన గొంతు ఆమెకీ వినపడే ఉంటుంది. మొహం ఎర్రగా ఉంది, కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. అతన్ని చూసి, ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి తనంతట తనే పలకరించింది.

“పని ఉంది కదా?”

“ఉన్నాదమ్మా.”

“మంచిది.”

సోములు చాపలు చుట్టి చంకన పెట్టుకున్నాడు. వెళ్లలేక నిలబడ్డాడు. “మరి మీ అమ్మగారితోటి ఎక్కడ...” అని మొదలుపెట్టాడు.

వంటింట్లో సుభద్రమ్మ దగ్గింది. యమున మిగిలిన బట్టలు ఒక్కసారిగా లాగి, బుట్ట నడుముకి ఎత్తుకుని, లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.